ఆన్‌లైన్ సమీక్షలపై పరువు నష్టం బెదిరింపులు

ఒక వ్యాపార సంస్థ సరుకు గురించో, సేవ గురించో ఇంటర్నెట్‌లో ప్రతికూలంగా రాసిన వ్యక్తికి లీగల్ నోటీసు, క్రిమినల్ ఫిర్యాదు, కోట్ల రూపాయల దావా అనే భయం చూపి ఆ రాతను తీసేయించడం భారతదేశంలో గత రెండు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ధోరణి. ఆసుపత్రులు, కాలేజీలు, హోటళ్లు, రియల్ ఎస్టేట్ సంస్థలు, ఆహార, ఔషధ కంపెనీలు, సినిమా నిర్మాణ సంస్థలు ఇలా ఏ రంగంలోనైనా ఇది తలెత్తవచ్చు. ఇందులో సంస్థకు కావలసింది చాలాసార్లు కోర్టు తీర్పు కాదు, విమర్శకుడి మౌనం. ఆ మౌనం నోటీసుతోనే దొరికితే కేసు కోర్టు గడప తొక్కదు. అందుకే ఇలాంటి ఘటనల్లో ఎక్కువ భాగం ఏ రికార్డుకూ ఎక్కవు.

ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ అంశంతో రెండు ప్రధాన సంబంధాలున్నాయి. ఇంటర్నెట్ విమర్శపై దేశంలో తరచూ ప్రస్తావనకు వచ్చే విశాక ఇండస్ట్రీస్ కేసులోని కంపెనీ వ్యవస్థాపకుడి రాజకీయ క్షేత్రం ఈ ప్రాంతమే. సోషల్ మీడియా పోస్టులపై పోలీసులు ఎలా వ్యవహరించాలో తెలంగాణ హైకోర్టు 2025లో నిర్దేశించిన తీర్పు కూడా రామగుండం కేసుల నుంచే పుట్టింది.

నోటీసు పనిచేసే తీరు

లీగల్ నోటీసు సాధారణంగా న్యాయవాది లెటర్‌హెడ్‌పై వస్తుంది. ‘నా క్లయింటు సూచనల మేరకు’ అంటూ మొదలై, సంస్థ ఎన్నేళ్లుగా ఎంత పేరు సంపాదించుకుందో చెబుతుంది. ఆ తర్వాత అభ్యంతరకరమైన పోస్టును ఉటంకిస్తుంది. ఏడు రోజుల్లోనో పదిహేను రోజుల్లోనో పోస్టు తొలగించాలని, బేషరతుగా క్షమాపణ చెప్పాలని, లక్షల్లోనో కోట్లలోనో పరిహారం కట్టాలని కోరుతుంది. లేదంటే సివిల్, క్రిమినల్ చర్యలు తప్పవని, వాటి ఖర్చులు కూడా నీవే భరించాలని ముగిస్తుంది.

ఈ కాగితం కోర్టు ఉత్తర్వు కాదు. ఒక పక్షం తన న్యాయవాది ద్వారా పంపిన ఉత్తరం మాత్రమే. అందులో రాసిన మొత్తాన్ని ఏ న్యాయమూర్తీ నిర్ణయించలేదు. అంత మొత్తానికి నిజంగా దావా వేయాలంటే దాని విలువను బట్టి సంస్థ ముందుగా కోర్టు ఫీజు కట్టుకోవాలి. నోటీసులో కోట్లు రాయడానికి మాత్రం ఆ ఫీజు అక్కర్లేదు.

చిన్న పట్టణాల్లో వ్యవహారం నోటీసుకు ముందే మొదలవుతుంది. గూగుల్ మ్యాప్స్ రివ్యూ మీద చాలాసార్లు రాసినవారి ఖాతా పేరు కనిపిస్తుంది. యజమానికీ రాసినవారికీ మధ్య తెలిసినవారు ఎవరో ఒకరుంటారు. “పోస్టు తీసెయ్, లేకుంటే కేసేస్తం” అనే మాట ఫోన్‌లోనో, పెద్దమనిషి నోటనో ముందు వస్తుంది. వకీలు నోటీసు దాని తర్వాతి మెట్టు. పెద్ద కంపెనీ అయితే దావాను దూరపు కోర్టులో వేయగలదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. వాయిదా వాయిదాకూ ఆ ప్రయాణం, పోయిన కూలి, వకీలు ఫీజు కలిసి తీర్పు రాకముందే శిక్షగా మారతాయి.

చట్టం చెప్పేది

పరువు నష్టం భారతదేశంలో సివిల్ తప్పిదమూ, క్రిమినల్ నేరమూ. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు దీనికి వర్తించేవి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ వాటి స్థానంలోకి వచ్చింది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సమాజ సేవను శిక్షగా విధించే వీలు కొత్తగా చేరింది. కంపెనీ పరువు కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 2016 మేలో సుబ్రమణియన్ స్వామి కేసులో తోసిపుచ్చింది.

అయితే ఇదే సెక్షన్‌లో పది మినహాయింపులున్నాయి. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదు. ప్రజల ముందుకు వచ్చిన రచనపై, ప్రదర్శనపై సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. తన ప్రయోజనాన్నో, ఇతరుల ప్రయోజనాన్నో కాపాడటానికి సదుద్దేశంతో చేసిన ఆరోపణ నేరం కాదు. ఇతరుల మేలు కోరి సదుద్దేశంతో చేసిన హెచ్చరిక కూడా నేరం కాదు. నిజాయితీగా రాసిన వినియోగదారుల సమీక్ష ఈ మినహాయింపుల్లో ఏదో ఒకదాని నీడలోకి వస్తుంది. చిక్కల్లా, అది మినహాయింపు కిందకు వస్తుందని నిరూపించుకునే భారం రాసినవారి మీదే పడటం.

ఇంకా కొన్ని రక్షణలున్నాయి. పరువు నష్టం నాన్-కాగ్నిజబుల్, బెయిలబుల్ నేరం. బాధితుడు నేరుగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవాలి తప్ప పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ నమోదు చేయలేరు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందు మేజిస్ట్రేటు నిందితుడి వాదన వినాలి. నిందితుడు వేరే ఊరి కోర్టు పరిధిలో ఉంటే సమన్లు పంపడానికి ముందే విచారించాలని 225వ సెక్షన్ చెబుతోంది. సివిల్ దావాకు పోస్టు ప్రచురించిన నాటి నుంచి ఏడాదే గడువు.

ఆన్‌లైన్ రాతలకు ఒకప్పుడు సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ పెద్ద గండంగా ఉండేది. ‘చికాకు కలిగించే’ సందేశం పంపినా మూడేళ్ల జైలు వేసే వీలున్న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. గూగుల్, ఫేస్‌బుక్ వంటి వేదికలు కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ ఆదేశమో ఉంటేనే పోస్టు తొలగించాల్సి ఉంటుందని అదే తీర్పులో స్పష్టం చేసింది. సంస్థ పంపిన నోటీసును చూసి ఆ పోస్టు చట్టవిరుద్ధమో కాదో తేల్చడం వేదికల పని కాదన్నమాట.

విశాక ఇండస్ట్రీస్ కేసు

తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రధానమైన కేసు ఇది. హైదరాబాద్ కేంద్రంగా 1981లో ఏర్పడిన విశాక ఇండస్ట్రీస్ ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే సంస్థ. తెలంగాణ పల్లెల్లో, బొగ్గు గనుల ఊళ్లలో రేకుల ఇల్లంటే చాలాచోట్ల ఈ బూడిద రంగు, అలల రేకులదే. ఆస్‌బెస్టాస్ నార అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. రేకును కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే సన్నని ధూళిలోని ఆ నార ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఇంటి కప్పు విషయం కాబట్టి దీనిపై చర్చ ఈ ప్రాంత ప్రజలకు దగ్గరిది.

కంపెనీ వ్యవస్థాపకుడు జి. వివేక్ వెంకటస్వామి 2009లో పెద్దపల్లి లోక్‌సభ స్థానం నుంచి, 2023లో చెన్నూరు అసెంబ్లీ స్థానం నుంచి ఎన్నికయ్యారు. పెద్దపల్లి లోక్‌సభ నియోజకవర్గంలో పూర్వపు కరీంనగర్ వైపు రామగుండం, మంథని, ధర్మపురి, పూర్వపు ఆదిలాబాద్ వైపు మంచిర్యాల, బెల్లంపల్లి, చెన్నూరు ఉన్నాయి.

ఆస్‌బెస్టాస్ నిషేధం కోరే ‘బ్యాన్ ఆస్‌బెస్టాస్ ఇండియా’ సమన్వయకర్త గోపాల కృష్ణ 2008 జులై, నవంబరు నెలల్లో గూగుల్ గ్రూపులో రెండు వ్యాసాలు ప్రచురించారు. దేశంలో ఎన్నో కంపెనీలు ఈ రేకులు తయారుచేస్తుండగా తమను ఒక్కరినే లక్ష్యం చేసుకున్నారని, సంస్థ యాజమాన్యంతో సంబంధం లేని జి. వెంకటస్వామి, సోనియా గాంధీల పేర్లు లాగారని కంపెనీ ఆరోపించింది. సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో దాఖలైన క్రిమినల్ ఫిర్యాదులో వ్యాసకర్తతో పాటు గూగుల్ ఇండియాను కూడా నిందితుల జాబితాలో చేర్చింది.

తనపై కేసు కొట్టేయాలన్న గూగుల్ పిటిషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011 ఏప్రిల్‌లో తోసిపుచ్చింది. నోటీసు అందాక కూడా ఆ రాతలను తొలగించలేదని తప్పుపట్టింది. సుప్రీంకోర్టులో జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ల ధర్మాసనం 2019 డిసెంబరు 10న తీర్పు చెప్పింది. వేదికలకు రక్షణనిచ్చే, సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ సవరించిన రూపం 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిందని, ఈ వ్యాసాలు అంతకుముందువని, పాత సెక్షన్ పరువు నష్టం నేరం నుంచి కాపాడదని తేల్చింది. రాసినవి నిజాలా, అబద్ధాలా అన్న జోలికి పోలేదు. అది కింది కోర్టు విచారణలో తేలాల్సిన విషయం.

2008 నాటి రెండు వ్యాసాల మీద ప్రాథమిక అభ్యంతరాలు తేలడానికే పదకొండేళ్లు పట్టింది. కంపెనీ తన పరువు కాపాడుకునే హక్కును వాడుకుంది, ఆ హక్కు చట్టం ఇచ్చినదే. కానీ గూగుల్ లాంటి సంస్థే పదకొండేళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తే, ఫోన్‌లో నాలుగు వాక్యాలు రాసిన సామాన్యుడు నోటీసు చూడగానే ఎందుకు వెనక్కి తగ్గుతాడో అర్థమవుతుంది.

రామగుండం కేసులు, 2025 తీర్పు

రామగుండం పోలీసు కమిషనరేట్ పరిధిలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలున్నాయి. అంటే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ దానిలో కలుస్తాయి. రాష్ట్ర ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఎక్స్‌లో పోస్టులు పెట్టారని ఈ ప్రాంతంలో నమోదైన కేసులను తెలంగాణ హైకోర్టులో జస్టిస్ ఎన్. తుకారాంజీ 2025 సెప్టెంబరు 10న కొట్టేశారు. నల్ల బాలు కేసుగా పేరుపడిన ఈ తీర్పులో పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చారు.

ఫిర్యాదు చేసిన వ్యక్తి నిజంగా బాధితుడేనా అన్నది ముందు చూడాలి. కేసు పెట్టడానికి ముందు ప్రాథమిక విచారణ జరపాలి. పరువు నష్టం ఆరోపణ అయితే ఎఫ్ఐఆర్ రాయకుండా ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలి. అరెస్టు యాంత్రికంగా చేయకూడదు. సున్నితమైన కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోవాలి. ఇవి రాజకీయ విమర్శ సందర్భంలో వచ్చినవే అయినా వినియోగదారుడికీ అక్కరకొస్తాయి. ఆసుపత్రి మీద రివ్యూ రాసినందుకు “స్టేషన్‌కు రా” అని పిలుపు వస్తే, ఈ తీర్పును చూపించి అడగవచ్చు.

దేశంలో ఇతర ముఖ్య ఘటనలు

కోర్టుల ధోరణి అన్ని కేసుల్లో ఒకేలా లేదు. ఒడిశాలోని ధామ్రా ఓడరేవుపై గ్రీన్‌పీస్ రూపొందించిన ఆన్‌లైన్ ఆటను ఆపాలని, పది కోట్ల రూపాయల పరిహారం ఇప్పించాలని టాటా సన్స్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2011 జనవరిలో మధ్యంతర నిషేధం నిరాకరించింది. పారాచూట్ కొబ్బరినూనెపై యూట్యూబ్ సమీక్షను తొలగించాలని బొంబాయి హైకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది. మరుసటి నెలలో డివిజన్ బెంచి దాన్ని సడలించి, మార్పులతో వీడియో ఉంచుకోవచ్చంది.

2023 ఏప్రిల్‌లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ రేవంత్ హిమత్‌సింగ్కా బోర్న్‌విటాలోని చక్కెరపై వీడియో చేస్తే, తయారీ సంస్థ లీగల్ నోటీసు పంపింది. ఆయన వీడియో తీసేసి క్షమాపణ చెప్పారు. తర్వాత బాలల హక్కుల జాతీయ కమిషన్ కంపెనీని వివరణ అడిగింది. అదే ఏడాది చివర్లో కంపెనీ జోడించిన చక్కెరను సుమారు 14 శాతం తగ్గించింది. నోటీసుకు తలవంచిన వీడియో ఎత్తిచూపిన లోపాన్ని కంపెనీయే కొంత సరిదిద్దుకుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అదే సంవత్సరం సెప్టెంబరులో ‘లివర్ డాక్’గా పేరున్న కేరళ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ ఎక్స్ ఖాతాను, తమ ఉత్పత్తులను విమర్శించారంటూ హిమాలయా సంస్థ వేసిన దావాలో బెంగళూరు సివిల్ కోర్టు ఆయన వాదన వినకుండానే నిలిపేయించింది. అక్టోబరులో కర్ణాటక హైకోర్టు ఖాతాను తిరిగి తెరిపించింది.

ఇటీవలి రెండు తీర్పులు విమర్శకులకు ఊతమిచ్చాయి. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల వివాదంలో సుప్రీంకోర్టు, విచారణ పూర్తికాకుండా రాతలపై నిషేధం విధించడం ఆ రాతలకు మరణశాసనం అవుతుందన్న ధోరణిలో హెచ్చరించింది. డబ్బున్నవారు దావాలతో ప్రజాచర్చను అణచే ధోరణిని ప్రస్తావించింది. 2025 ఏప్రిల్‌లో శాన్ న్యూట్రిషన్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోటీన్ పొడిని ల్యాబు పరీక్షల ఆధారంగా విమర్శించిన యూట్యూబర్లపై మధ్యంతర నిషేధానికి ఒప్పుకోలేదు.

తెలుగువారి మధ్య ఈ వివాదం ఎక్కువగా వినిపించేది సినిమా సమీక్షల దగ్గర. 2024 ఏప్రిల్‌లో ‘ఫ్యామిలీ స్టార్’ సినిమాపై పథకం ప్రకారం దుష్ప్రచారం సాగుతోందని సైబరాబాద్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. దీనికి భిన్నంగా, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ విమర్శకు చట్టాన్నే ఆయుధం చేసుకున్నారు. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడవుతున్న చక్కెర పానీయాలపై ఏళ్ల తరబడి వీడియోలు చేసి, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. నిర్దేశించిన మిశ్రమం లేని పానీయాలపై ఆ పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరు 14న ఆదేశించింది.

విత్తనం, వాట్సాప్, రైతు

పత్తి పండించే ఆదిలాబాద్‌లో, వరి పండించే కరీంనగర్‌లో సమీక్ష అంటే హోటల్‌కు ఇచ్చే నక్షత్రాలు మాత్రమే కాదు. ఫలానా విత్తనం మొలవలేదని, ఫలానా మందు కొడితే పురుగు చావలేదని రైతులు వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. నష్టం ఒక సీజను పంట కాబట్టి ఆ హెచ్చరిక విలువ ఎక్కువ. రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో తేల్చింది. అది ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసు. విత్తన సంచి, లాటు నంబరు, బిల్లు, చేను ఫొటో, వ్యవసాయాధికారి తనిఖీ నివేదిక ఉంటే, అవి పరిహారం తెస్తాయి, రాసిన హెచ్చరికకూ రక్షణ అవుతాయి.

వ్యాపారుల పక్షం

సంస్థల ఫిర్యాదులన్నీ బెదిరింపులు కావు. డబ్బిచ్చి రాయించే దొంగ రివ్యూలు, పోటీదారు పెట్టించే ఒక్క నక్షత్రపు రేటింగులు, రివ్యూ తీసేయాలంటే సొమ్ము ఇవ్వమనే వసూళ్లు నిజమే. పదిమంది కస్టమర్ల మీద నడిచే చిన్న కొట్టుకు ఒక అబద్ధపు రాత గట్టి దెబ్బ. దీనికి 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. రాసినవారు నిజమైన వ్యక్తేనని ధ్రువీకరించడం, మంచి చెడు సమీక్షలను పక్షపాతం లేకుండా చూపడం అందులో ఉన్నాయి. అయితే పాటించడం ఐచ్ఛికం. అమ్మకందారు తానే వినియోగదారుడిలా నటించి సమీక్షలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. నిజాయితీ గల సంస్థకు రివ్యూ కిందే జవాబు రాసే వీలుంది. బిల్లు చూపి వివరణ ఇచ్చిన జవాబును చదివేవారు నమ్ముతారు.

ఇతర దేశాల్లో

విమర్శకులను అణచడానికి వేసే దావాలను అమెరికాలోని డెన్వర్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జార్జ్ ప్రింగ్, పెనెలోపి కెనన్ 1980లలో అధ్యయనం చేసి ‘స్లాప్’ అని పేరు పెట్టారు. కాలిఫోర్నియా 1992లో ఇలాంటి దావాలను మొదట్లోనే కొట్టేసే చట్టం చేసింది. చెడు సమీక్ష రాయకూడదనే ఒప్పంద షరతులు చెల్లవని అమెరికా 2016లో చట్టం తెచ్చింది. ఆధారం లేని లీగల్ బెదిరింపుతో సమీక్షను తొక్కిపెట్టడం 2024 అక్టోబరు నుంచి అక్కడ వాణిజ్య నిబంధన ఉల్లంఘన. బ్రిటన్ 2013 చట్టం ప్రకారం తీవ్రమైన ఆర్థిక నష్టం చూపకుండా వ్యాపార సంస్థ పరువు నష్టం దావా గెలవలేదు. మెక్‌డొనాల్డ్స్ ఇద్దరు సామాన్య కార్యకర్తలపై 1990లో మొదలుపెట్టిన వ్యాజ్యంలో, వారికి న్యాయ సహాయం నిరాకరించడం అన్యాయమని యూరప్ మానవ హక్కుల కోర్టు 2005లో తీర్పిచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో సభ్య దేశాలకు ఇలాంటి దావాలను ఎదుర్కొనే ఆదేశం జారీ చేసింది. భారత పార్లమెంటు ఇలాంటి చట్టం ఇంతవరకు చేయలేదు.

వినియోగదారుడు తెలుసుకోవలసినవి

సమీక్షకు బలం అందులోని వివరం. “వీళ్లు దొంగలు” అని రాస్తే దొంగతనం నిరూపించాల్సిన భారం మీద పడుతుంది. “ఫలానా తేదీన జ్వరంతో చేరాను, మూడు రోజులకు ఇంత బిల్లు వేశారు, మందుల పట్టీ అడిగితే ఇవ్వలేదు” అని రాస్తే అది సొంత అనుభవం, బిల్లు దాని సాక్ష్యం. ల్యాబు నివేదిక లేకుండా కల్తీ అని రాయకూడదు. తప్పు రాసినట్టు తేలితే వెంటనే సరిదిద్దాలి, అది సదుద్దేశానికి నిదర్శనమవుతుంది.

నోటీసు వస్తే పారేయకూడదు, భయపడి పోస్టు తీసేయకూడదు. కవరుతో సహా దాచి, పోస్టుకూ బిల్లులకూ స్క్రీన్‌షాట్లు తీసుకుని, గడువులోగా న్యాయవాది ద్వారా జవాబివ్వాలి. వకీలు ఫీజు భరించలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఆదివాసీ జనాభా ఎక్కువగా ఉన్న ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో ఈ హక్కు తెలియాల్సినవారు ఎక్కువ.

అసలు నష్టానికి వినియోగదారుల కమిషన్ ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా కమిషన్లు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకున్న ఫిర్యాదులు వింటాయి. ఐదు లక్షల వరకు ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. న్యాయవాది లేకుండా సొంతంగానూ వాదించుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

నిజం రాసినవారికి రక్షణ చట్టంలో ఉంది, కానీ అది కేసు నడిచిన తర్వాతే చేతికందుతోంది. ఆధారం లేని దావాను మొదటి వాయిదాలోనే కొట్టేసి, ఖర్చులు వేసినవారితోనే కట్టించే చట్టం భారతదేశానికి అవసరం. అది వచ్చేవరకు వినియోగదారుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: వకీలు నోటీసు తీర్పు కాదు, బిల్లు చేతిలో ఉన్నవారు భయపడి నిజాన్ని చెరిపేయనక్కర్లేదు.